మృగయావర్ణనమును గవయదర్శనమును

మన ప్రబంధములయందలి వేఁటవర్ణనములను గూర్చి పండితులలో నొక యభిప్రాయము స్థిరపడియున్నది. అవి లక్షణగ్రంథముల విధిని దీర్చుటకై కవులు కూర్చిన పూరకములనియు, కథకు వానితోఁ బని లేదనియు, పాఠము చెప్పునపుడు వానిని దాఁటిపోయినను విద్యార్థికి లోపము రాదనియు చెప్పుచుందురు. నేనును బహుకాల మట్లే తలంచితిని. అట్లే పాఠమును జెప్పితిని. ఆ మతము సరికాదని యిపుడు నాకుఁ దోఁచుచున్నది. అందులకుఁ గారణములను శాస్త్రమునుండియు, కావ్యములనుండియు, కరీంనగర ఆదిలాబాదు ప్రాంతముల యడవులనుండియుఁ జూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. అడవులకుఁ గావ్యవిమర్శతో నేమి సంబంధమని చదువరులు శంకింపవచ్చును. ఆ సంబంధమే నేను నిరూపింపఁదలఁచినది.

మొదట లక్షణమును విచారింతము. కావ్యాదర్శమున దండి మహాకావ్యమునకు వలయు వర్ణనములను లెక్కించెను. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానక్రీడ, జలక్రీడ, వివాహము, కుమారోదయము, మంత్రము, దూత్యము, ప్రయాణము, యుద్ధము మొదలగునవి యందుఁ గలవు. మృగయ మాత్రము లేదు. మనము తఱచుగా నుదాహరించు నష్టాదశవర్ణనముల పట్టిక యిదియే కదా! తరువాత, 14వ శతాబ్దమువాఁడగు విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున వర్ణ్యవస్తువులను జెప్పుచు మృగయను స్పష్టముగాఁ బేర్కొనెను. ఈ రెంటిని బ్రక్కప్రక్కను బెట్టి చూచినచో వేఁటవర్ణనము లక్షణకారుల యాజ్ఞవలనఁ బుట్టినది కాదని తేలును. కవులు ముందుగా వర్ణించిరి; లక్షణము వారిని వెంబడించి వచ్చి చేరినది. కావున నిది విధిపూరణమను నాక్షేపము కాలక్రమమునకే విరుద్ధము.

కవులేల వర్ణించిరి? దండికంటెఁ బూర్వుఁడైన కాళిదాసు రఘువంశ నవమసర్గమున దశరథుని వేఁటను వర్ణించెను. అందొక యాఁడులేడి తన ప్రియునికిని బాణమునకును నడుమ వచ్చి నిలుచును. చెవిదాఁక లాగిన బాణమును రాజు దయచే మెత్తనైన మనస్సుతో నుపసంహరించుకొనును. అయినను వేఁట యాఁగలేదు. ఆ వేఁటయే తుదకు శబ్దమును విని బాణమును వేయుటకును, ముని బాలకుని మరణమునకును, పుత్రశోకశాపమునకును దారితీసినది. ఒకచో మృగమును జూచి వేయక మానినవాఁడు, మఱియొకచోఁ జూడకయే వేసి చెడినాఁడు. చూచుటకును చూడకుండుటకును గల యీ భేదమును జదువరులు మనసున నుంచుకొందురుగాక. నా విచారమంతయు దీనిమీఁదనే యాధారపడియున్నది.

ఇతిహాసములలోను నిట్లే. ఆదిపర్వమున పాండురాజు మృగరూపముననున్న కిందమునిఁ గొట్టి శాపమును బొందెను. పరీక్షిత్తు వేఁటలో నలసి మునిమెడను చచ్చిన పామును వేయుటయే తక్షకవిషమునకుఁ గారణమైనది. దుష్యంతుఁడు లేడిని దఱుముచు వచ్చి యాశ్రమవాసులు వారింపఁగా విల్లు దించెను. శకుంతలకథ యంతయు నటనుండియే పుట్టినది. మాయలేడిని దఱిమిన శ్రీరామునికి సీతావియోగము గలిగెను. వేఁటను గథకు సంబంధము లేని యలంకారమనుట యెట్లు పొసఁగును? మన కథలకు వేఁట మలుపుచోటు. మనుష్యుఁడు తన బలమునకు మేర యెచ్చటనున్నదో తెలిసికొను తావది. మనువు కామజవ్యసనములలో మృగయను మొట్టమొదటఁ జేర్చుటయు, మద్యము, జూదము, స్త్రీలోలత్వము నను వానితోఁ గలిపి మిక్కిలి కష్టతమములని చెప్పుటయు నిందులకుఁ దగియున్నది.

ఇఁక నాంధ్రప్రబంధములలోనికి వత్తము. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేఁటను విమర్శకులందఱును బ్రశంసింతురు. కాని యా ప్రశంస శబ్దగుంభనమువఱకే నిలిచిపోవును. కావ్యమునంతయు నొక్కటిగాఁ జూచినచో నచట మఱియొక విశేషము గోచరించును. స్వరోచి మనోరమను వేఁటలోనే కలిసికొనెను. ఆ వెనుక విభావసి వలన సకలప్రాణుల భాషలను దెలియు విద్యను బొందెను. అంతవఱకు మృగములు వానికి గుఱులు మాత్రమే. విద్య లభించిన పిదప నవి మాటలాడుట వానికి వినఁబడఁజొచ్చినది. పక్షులును మృగములును వాని భోగలాలసతను నిందించుకొనుట చెవినిఁ బడినది. కావ్యాంతమునందు మరల వేఁట వచ్చును. వరాహముమీఁద నెక్కుపెట్టిన బాణమును దనమీఁద వేయుమని యొక లేడి యడ్డువచ్చి పలుకును. ఆ లేడియే వనదేవత. ఆమె గర్భమునఁ బుట్టినవాఁడే స్వారోచిషమనువు. అనఁగా నొక మన్వంతరమునకు మూలపురుషుఁడు జనించుటకు వేఁటకాఁడు విల్లు దించి మృగముయొక్క మాటను వినవలసివచ్చినది. మొదటి వేఁటను విడిచి తుదివేఁటను జదివినచో నీ యర్థము స్ఫురింపదు. మొదటిదానిలో బాణముల వేగము. తుదిదానిలో బాణము నిలిచిపోవుట. ఆ రెంటికిని నడుమనున్న దూరమే కావ్యము నడచిన దూరము. ఇట్టి నిర్మాణమును బూరక మనుట న్యాయము కాదు.

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమునఁ జెప్పిన తిన్నని వేఁట వేఱొక జాతికిఁ జెందినది. స్వరోచి రాజు, తిన్నఁడు బోయ. రాజునకు వేఁట వినోదము, బోయకు వృత్తి. కావున నచట మృగములు చెవులప్పగించి నిలుచుచోటు, నీరు త్రావ వచ్చుదారి, దాఁగు పొద, ఇవన్నియు నడవి నెఱిఁగినవాని దృష్టితోఁ జూడవలసినవి. రాజమృగయను బోయవేఁటను నొక్కత్రాసునఁ దూఁచుట విమర్శకులు తఱచుగాఁ జేయు పొరపాటు.

తరువాతి ప్రబంధకవులు పెక్కుమంది యీ రెండు మార్గములను విడిచి పూర్వకవుల పద్యములనే యడవిగాఁ దలంచి యందు వేఁటాడిరి. అట్టివారి వనములలో సింహమును, శరభమును, హిమవంతమునఁ దిరుగు చమరీమృగమును, మన కోనలలోని దుప్పియు నొక్క నీటిపట్టున నీరు త్రావుచుండును. శరభమును జూచినవాఁడు లేఁడు. చమరిని దెలుఁగునాట నెవ్వఁడును జూడలేదు. వేఁటవర్ణనము పూరకమను నాక్షేపము వీరియెడ నొప్పును. కాని నకలు వ్రాసినవాని దోషమును జూచి వ్రాసినవానికిఁ గట్టుట తగదు. దృష్టమును శ్రుతమును వేఱుచేయుట విమర్శకుని మొదటిపని. ఆ పని చేయవలెనన్న విమర్శకుఁడే యా మృగములను జూచియుండవలెను. చిక్కంతయు నిచటనే యున్నది.

మన నిఘంటువులను దెఱచి చూడుఁడు. మృగవాచకములకు నెదుట ‘మృగవిశేషము’ అను నర్థము పలుమాఱు గనఁబడును. ఏ విశేషము? కొమ్ములు గలదియా, లేనిదియా? మందగాఁ దిరుగునదియా, ఒంటరిదియా? అది చెప్పఁబడదు. అమరుఁడు శార్దూలమును ద్వీపిని రెంటిని వ్యాఘ్రమునకుఁ బర్యాయములుగాఁ జెప్పెను. లోకమున ద్వీపి మచ్చలపులి, శార్దూలము చాఱలపులి. తరక్షువనఁగా దుమ్ములగొండి యని చెప్పి మనము పాఠమును ముగింతుము. దుమ్ములగొండి వెనుకకాళ్లకంటె ముందుకాళ్లు పొడవైనదనియు, దాని వీఁపు వాలియుండుననియు నెఱిఁగి చెప్పువారెందఱు? కణుజును దుప్పిని గృష్ణసారమును నొక్క ‘జింక’ యను మాటతోనే సరిపెట్టుదుము. కవి చుక్కల మేను గలదానిని జెప్పెనో, నల్లని వీఁపు గలదానిని జెప్పెనో తెలియని విద్యార్థికి నుపమానము ఫలింపదు. ఉపమానము ఫలింపనిచోఁ బద్యము శబ్దమై మిగులును.

జంతువు నశించినచో దాని పేరు గతి యేమగునో తెలియుటకు సివంగి యను మాటయే తార్కాణము. తమిళమున శివింగి యనఁగా రాజులు వేఁటకై పెంచుకొనిన చీతా. మనవారిలోఁ గొందఱు సివంగి యనఁగా దుమ్ములగొండి యందురు. కొందఱు చీతా యందురు. నేఁటి వాడుకలో నది యాఁడుసింహమునకుఁ బేరై కూర్చున్నది. మన దేశమున 1947లో కొరియా సంస్థానమున మూఁడు చీతాలు తుపాకికి గుఱియైనవి. 1952లో నా జాతి భారతదేశమున నంతరించినదని ప్రకటింపఁబడినది. ఆధారమైన జంతువు పోఁగా మాట గాలికిఁ గొట్టుకొనిపోయి మఱియొక జంతువుపై వ్రాలినది. 2022 సెప్టెంబరున నమీబియానుండి యెనిమిది చీతాలను మధ్యప్రదేశమందలి కూనో వనమునకుఁ దెచ్చినపుడు వానిని దెలుఁగున నేమని పిలువవలెనో తెలియక కొందఱు చిఱుత లనిరి. చిఱుతపులి మన గుట్టలలోఁ దిరుగునదే, వచ్చినది వేఱుజాతి. మృగనాశముతో నర్థనాశమును గలుగుననుటకు నింతకంటె దృష్టాంత మేల?

దీనిని శాస్త్రరీతిగాఁ జెప్పవలెనన్న మన తెలుఁగువాఁడైన యన్నంభట్టు తర్కసంగ్రహము చాలును. ఉపమానప్రమాణమునకు నందుఁ జెప్పిన యుదాహరణమును మనలోఁ జదువనివారు లేరు. గవయమనఁగా నేమో యెఱుఁగని యొకఁడు అడవిలో నివసించువానివలన గవయము గోవువంటిదని వినును. పిదప వనమునకుఁ బోయి గోసదృశమైన జంతువును జూచును. విన్నవాక్యము స్మరణకు వచ్చును. ఇదియే గవయమను జ్ఞానము కలుగును. సంజ్ఞకును సంజ్ఞికిని గల సంబంధము తెలియుటయే యుపమితి. ఈ ప్రమాణము సిద్ధించుటకుఁ గావలసినవి మూఁడు: చెప్పుటకు నరణ్యవాసి, పోవుటకు వనము, కనఁబడుటకు గవయము. ఈ మూఁటిలో నేదియొకటి లోపించినను నుపమితి పుట్టదు. వాక్యము మాత్రము నోటికి వచ్చియుండును. మనమందఱము నా యవస్థయందే యున్నవారము. గవయమను మాటను వేయిమాఱు లుచ్చరించినవారము. గవయమును జూచినవారము కాము.

నేను బాల్యమున నీ పంక్తిని వల్లించితిని, ముప్పదియేండ్లు బోధించితిని. గవయమనఁగా నడవిదున్న యని యొక గురువుగారు చెప్పిరి. మనుఁబోతని మఱియొకరు చెప్పిరి. రెండును వ్రాసికొని యూరకుంటిని. కొన్నియేండ్ల క్రిందట నొక మిత్రునితోఁ గవ్వాలకుఁ బోవ నవకాశము గలిగెను. టేకును వెదురును బెరిఁగిన యా యడవి 1965లో నభయారణ్యమైనది. 2012లోఁ బులుల రక్షణకై ప్రత్యేకింపఁబడినది. దాని కేంద్రభాగము 892 చదరపు కిలోమీటర్లు. చుట్టునున్న భాగము 1123. మాకు దారి చూపిన గోండువృద్ధుఁడు ప్రాతఃకాలమున నొక చేనిగట్టునఁ బొదల నడుమ నిలిచినదానిని వ్రేలితోఁ జూపెను. నీలిబూడిదవన్నె మేను, గుఱ్ఱమువలె ముందు ఎత్తుగా వెనుక వాలుగా నుండు వీఁపు, చిన్నకొమ్ములు, కంఠమున వ్రేలు వెండ్రుకలకుచ్చు. అది మనుఁబోతు. సాయంకాలమున నొక నీటిపట్టు చేరువను మఱియొకటి గనఁబడెను. నల్లని బృహత్కాయము, మూపుపై గట్టు, మోకాళ్ల క్రింద మేజోళ్లు తొడిగినట్లు తెల్లని కాళ్లు. అప్పుడా వృద్ధుఁడు మెల్లఁగా, ‘పంతులూ, ఆవోలె ఉంటది గని ఆవు గాదు’ అనెను.

నా మేను గగుర్పొడిచినది. తర్కసంగ్రహము పేరును వినని యా పెద్దవాని నోట నన్నంభట్టు చెప్పిన యరణ్యవాసివాక్యము దానంతట వెలువడినది. ముప్పదియేండ్లు నేను బోధించినది శబ్దము. ఆ నిమిషమునఁ గలిగినది జ్ఞానము.

అయినను సందేహము వెంటనే తీఱలేదు, తీఱకుండుటయే మేలైనది. గవయమునకు గంగడోలు లేదని కొందఱు వ్యాఖ్యాతలు చెప్పుదురు. నేను జూచిన యడవిదున్నకు ఱొమ్మునొద్ద గంగడోలు కలదు, మనుఁబోతునకు లేదు. ఆ లక్షణమును గ్రహించినచో గవయము మనుఁబోతగును. దేహసాదృశ్యమును గ్రహించినచో నడవిదున్న గోవునకు మిక్కిలి సమీపము. సంస్కృతమున గౌరశబ్దము వేఱుగా నుండుటయు, అమరుఁడు గవయమును శరభ సృమర శశములతోఁ గూర్చి పఠించుటయు చూడఁగా మొదటిపక్షమే బలవత్తరమని నాకుఁ దోఁచుచున్నది. విద్వాంసులు భిన్నమతులైనను సరియే. కాని యీ వివాదమును దీర్చుకొనఁగల చోటు గ్రంథాలయము కాదు. రెండు జంతువులును నొక్కచోఁ దిరుగు కవ్వాలవంటి యడవియే యిందులకు ధర్మాసనము. ఆ రెంటిలో నొకటి నశించినచోఁ దీర్పు శాశ్వతముగా నిలిచిపోవును.

ఇట్టి సాక్షిస్థానము లీ ప్రాంతమున మఱికొన్ని కలవు. గజేంద్రమోక్షమును జదువని తెలుఁగు బాలుఁడు లేఁడు. మకరి యన్నను గ్రాహమన్నను నక్రమన్నను మొసలి యని చెప్పి ముందునకుఁ బోవుదుము. అమరుఁడు గ్రాహమును నవహారముతోను, నక్రమును గుంభీరముతోను వేఱువేఱుగాఁ బఠించెను. నీటఁబట్టి యీడ్చు ప్రాణియొక్క స్వభావము తెలియవలెనన్న మంచిర్యాల పెద్దపల్లి మండలముల నడుమ గోదావరిలోనున్న శివ్వారము మడుఁగును జూడవలెను. 1978లో నది మొసళ్ల రక్షణకై యేర్పడినది. ఇసుకతిన్నెపైఁ బడిన మ్రానువలె నిశ్చలముగా నుండి చప్పుడు లేక నీటిలోనికి జాఱు మొసలిని జూచినవానికి నేనుఁగు కాలు మడుఁగునఁ బెట్టిన క్షణముయొక్క భయము వేఱుగా వివరింపనక్కఱలేదు.

జటాయువు మాట యింతకంటె శోచనీయము. నా చిన్ననాఁడు చచ్చిన పశువును నూరివెలుపల వేసినచో రాబందులు మూఁగెడివి. నేఁడు పాఠశాలలో జటాయువనఁగా రాబందని చెప్పినచో రాబందనఁగా నేమని బాలకు లడుగుదురు. పశువులకు నొప్పి తగ్గుటకై యిచ్చిన డైక్లోఫెనాకు మందు కళేబరముద్వారా వాని కడుపునఁ జేరి మూత్రపిండములను జెఱచినదని తేలెను. 2006లోఁ బశువైద్యమున దానిని నిషేధించిరి. ప్రాణహితాతీరమున బెజ్జూరు అడవులలోని పాలరాపుగుట్ట చఱియలపైఁ బొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టినట్లు 2013 ప్రాంతమున గుర్తించిరి. రావణు నెదిరించిన పక్షిజాతికిఁ దెలంగాణమున మిగిలిన కొండకొమ్మది. అరణ్యకాండను బోధించువారికి నా గుట్ట పేరు తెలిసియుండవలదా?

ఇచట నొక యాక్షేపము కలదు; దానిని దాఁటిపోవుట సత్యవాదికిఁ దగదు. పండితులకు శబ్దార్థము కావలెనని పల్లెవాసులు పులివాతఁ బడవలెనా? 2020 నవంబరున నాసిఫాబాదు మండలమున నిద్దఱు యువజనులను బులి చంపెను. 2024 ఏప్రిలున మహారాష్ట్రమునుండి ప్రాణహితను దాఁటి వచ్చిన యొక యేనుఁగు వెంటవెంటనే యిద్దఱు రైతులను బొట్టనఁబెట్టుకొనెను. గజవర్ణనములను గంఠస్థము చేసిన మనకంటె నా చేలలో నొంటిగా నిలిచినవారికి గజమనఁగా నేమో తెలియును. మఱియొకప్రక్క, 2024 జనవరిలోఁ గాగజునగరపు టడవులలో రెండు పులులు చచ్చిపడియుండెను. విషము పూసిన పశుకళేబరము కారణమని యధికారులు తెలిపిరి. పశువును గోలుపోయినవాని కోపమును నేను నిందింపను. నిందించుట సులభము, పట్టణమున దీపముక్రింద గూర్చున్నవానికి మఱియు సులభము.

ఈ ధర్మసంకటమును మహాభారతము ముందే చూచినది. అరణ్యపర్వమున మృగస్వప్నోద్భవమను నుపపర్వము చిన్నది. ఘోషయాత్రకుఁ దరువాత వచ్చును. పాఠకులు తఱచుగాఁ దాఁటిపోవుదురు. ద్వైతవనమున నిద్రించు ధర్మరాజునకుఁ గలలో మృగములు కన్నీటితో వణఁకుచుఁ గనఁబడును. నీ తమ్ములు శూరులు, మాలోఁ బెక్కింటిని జంపిరి. మేము విత్తనముగా మిగిలినవారము. మా వంశము మరల వృద్ధినొందునట్లు నీవు వేఱుచోటికిఁ బొమ్మని వేఁడును. ధర్మరాజు మేల్కాంచి తమ్ములకుఁ జెప్పి కామ్యకవనమునకుఁ దరలిపోవును. ఇందొక యుద్ధము లేదు, వరము లేదు, శాపము లేదు. బలవంతుఁడు బలహీనుని మాటను విని తాను లేచిపోయెను. ‘విత్తనము’ అను నా భావమును గమనింపుఁడు. చంపుట తప్పని మృగములు వాదింపలేదు. విత్తు మిగులవలెనని మాత్రమే యడిగినవి. ఉద్యోగపర్వమున విదురుఁడును బులి లేక వనము నిలువదనియు, వనము లేక పులి నిలువదనియు, ఒండొంటిని గాచుకొనుననియు ధృతరాష్ట్రునకుఁ జెప్పెను. అది రాజనీతికై చెప్పిన దృష్టాంతమే. కాని దృష్టాంతము లోకసిద్ధము కానిచో దార్ష్టాంతికమును సాధింపదు గదా.

ఇందుండి తొందరపడి యొక విపరీతార్థమును దీయరాదు. ధర్మరాజు లేచిపోయెఁ గావున గోండులును గోలాములును నడవిని విడిచిపోవలెనని కొందఱు వాదింతురు. ఇది సామ్యము నెఱుఁగని వాదము. పాండవు లా వనమునకు నతిథులు. విండ్లు ధరించిన రాజపుత్రులు. పెక్కుమంది విప్రులను బోషించుటకై వేఁటాడినవారు. గోండు అతిథి కాఁడు. అతఁడు తర్కశాస్త్రమున మనకు గవయమును జెప్పు నరణ్యవాసి. 2025 మే నెలలోఁ గవ్వాలను మహారాష్ట్రమందలి తాడోబాతోఁ గలుపు నడవులను గుమురం భీం పేర సంరక్షణక్షేత్రముగాఁ బ్రకటించు నుత్తర్వు వెలువడెను. ఆదివాసు లెదిరింపఁగా జూలైలో దానిని నిలిపివేసిరి. ఆ వివాదమునఁ దీర్పు చెప్ప నే నధికారిని గాను. ఒక్కటి మాత్రము శాస్త్రబలముతోఁ జెప్పుదును. గవయము లేక యరణ్యవాసి యున్నచో వాక్యమునకు విషయము లేదు. అరణ్యవాసి లేక గవయ మున్నచో విషయమునకు వాక్యము లేదు. రెంటిని గాపాడనిచో నుపమితి లేదు.

తుదకు వ్యాకరణమున నొక మాట. మృగశబ్దము వెదకుట యను నర్థము గల ధాతువునుండి పుట్టినది; వెదకఁబడునది మృగము. మృగయాశబ్దమును దానినుండియే వార్తికకారుఁడు సాధించెను. కావున మృగయ యనఁగా మూలార్థమున వెదకుటయే. చంపుట పిదప వచ్చి చేరిన రూఢి. అష్టాధ్యాయి చతుర్థాధ్యాయ చతుర్థపాదమున 35వ సూత్రము పక్షులను, మత్స్యములను, మృగములను జంపువాఁడను నర్థమున ఠక్ప్రత్యయమును విధించును. మృగములను జంపువాఁడు మార్గికుఁడు. దానికి రెండు సూత్రములకు ముందు, 33వ సూత్రమున, రక్షించువాఁడను నర్థమునను నా ప్రత్యయమే విహితము. సమాజమును రక్షించువాఁడు సామాజికుఁడు. ప్రకృతినియమము లేని యా రక్షణసూత్రముచేత మృగములను రక్షించువాఁడును మార్గికుఁడే కావలెను. అట్టి ప్రయోగము లేదు గావున ననభిధానమని వైయాకరణు లాక్షేపింతురేని, నేను ఒప్పుకొందును. శాస్త్రము ద్వారమును దెఱచియే యుంచినది. లోకమున నట్టివాఁ డుండినఁగాని ప్రయోగము పుట్టదు. ఇపుడు మన యడవులలో రాత్రింబవళ్లు తిరుగు కావలివాండ్రును, పులి యడుగుజాడను జూచి యూరికి హెచ్చరిక చెప్పు గోండుయువకులును గలరు. లక్ష్యము వచ్చినది, లక్షణ మెప్పటినుండియో వేచియున్నది.

కావున బోధకులకును బరిశోధకులకును నాదొక విన్నపము. వేఁటపద్యములను దాఁటిపోవలదు, చెప్పునపు డా మృగ మేదియో, దాని నడక యెట్టిదో, అది నేఁ డెచట మిగిలియున్నదో చెప్పుఁడు. కవి చూచి వ్రాసెనో విని వ్రాసెనో విచారింపుఁడు. ఆదిలాబాదు, కరీంనగర ప్రాంతములలోఁ దెలుఁగు, గోండి, కోలామీ భాషల మృగనామములను ఆ భాషలవారి నోటినుండియే సేకరించి, ‘మృగవిశేషము’ అని యున్నచోట్ల నా విశేషమును బూరింపుఁడు. ఆ కోశమును గూర్చుటకు వలయు వృద్ధు లింకను జీవించియున్నారు. మృగములును విత్తనమాత్రముగనైన నున్నవి. ఈ రెండవకాశములును నెంతకాల ముండునో మన చేతిలోనిది కాదు. ఉన్నంతలోఁ బోయి వినుటయుఁ జూచుటయు మాత్రము మన చేతిలోనిదే.